కంటి ప్రెషర్‌కు, బీపీకి మధ్య నలిగే నరం

చెన్నైలో శంకర నేత్రాలయ పరిశోధకులు 2001, 2004 మధ్య ఒక పెద్ద సర్వే చేశారు. నగరంలోనూ, చుట్టుపక్కల పల్లెల్లోనూ 40 ఏళ్లు దాటిన వేలమందికి కళ్లు పరీక్షించారు. వైద్య పత్రికల్లో దాన్ని చెన్నై గ్లకోమా స్టడీ అంటారు. గ్లకోమా అంటే కంటినరం మెల్లగా దెబ్బతిని చూపు పోయే జబ్బు. మన దగ్గర ఎక్కువగా కనిపించే ఓపెన్ యాంగిల్ గ్లకోమా (కంట్లో ద్రవం బయటికి పోయే మూల తెరుచుకునే ఉండగా వచ్చే రకం) నగరంలో నూటికి సుమారు 3.5 మందికి, పల్లెల్లో నూటికి 1.6 మందికి ఉన్నట్టు అందులో తేలింది. అలా బయటపడినవాళ్లలో పదింట తొమ్మిది మందికి పైగా తమకు ఆ జబ్బు ఉన్న సంగతే అప్పటిదాకా తెలియదు. అంతకంటే ఆలోచనలో పడేసే విషయం ఇంకొకటి ఉంది. వాళ్లలో సగానికి మించిన మందికి పరీక్ష రోజున కంటి ప్రెషర్ మామూలుగానే, అంటే పాదరసపు మిల్లీమీటర్లలో 21 లోపే ఉంది.

గ్లకోమా అంటే కంట్లో ప్రెషర్ పెరిగే జబ్బు అని చాలామంది అనుకుంటారు. ఊళ్లలో నీటికాసులు అనేది దీన్నే. గాలి కొట్టే మిషన్ ముందు కూర్చోబెట్టి నంబరు చూసి, అది 21 దాటలేదంటే భయం లేదని పంపించేయడం చిన్న క్లినిక్కుల్లో ఇప్పటికీ జరుగుతోంది. తర్వాతెప్పుడో నెల్లూరు నుంచో, చిత్తూరు నుంచో చెన్నైలో పెద్ద ఆసుపత్రికి వస్తే కంటినరం అప్పటికే సగం ఎండిపోయి ఉంటుంది. "ప్రెషర్ నార్మలే అన్నారు గదా సార్, మరి నరం ఎట్లా దెబ్బతినింది?" అని పేషెంటు అడిగే ప్రశ్న న్యాయమైనది. దానికి పూర్తి జవాబు కంటి ప్రెషర్ నంబరులో దొరకదు. ఆ నరానికి రక్తం ఎలా అందుతోంది, దాన్ని లోపలికి తోసే బలం ఎంత, ఆ బలం రాత్రిపూట ఏమవుతోంది అనేవి కూడా చూస్తే గానీ లెక్క తేలదు.

ముందు కన్ను తన ప్రెషర్‌ను ఎక్కడినుంచి తెచ్చుకుంటుందో చూద్దాం. కనుపాప వెనక ఉండే సీలియరీ బాడీ అనే భాగం రక్తం నుంచే ఒక పలచటి ద్రవాన్ని తయారుచేస్తుంది. నిమిషానికి రెండు, మూడు మైక్రోలీటర్లు, అంటే రోజంతా కలిపినా సుమారు మూడు, నాలుగు మిల్లీలీటర్లే. కార్నియాకూ లెన్స్‌కూ రక్తనాళాలు లేవు కాబట్టి వాటికి తిండి ఈ ద్రవమే. పని అయ్యాక అది కంటి ముందు మూలలో ఉన్న సన్నటి వడపోత గుండా బయటికి వెళ్లి, చిన్న సిరల్లో కలిసి తిరిగి రక్తంలోకే చేరుతుంది. పుట్టేంత వేగంగా బయటికి పోలేకపోతే ప్రెషర్ పెరుగుతుంది. కన్నీళ్లకూ దీనికీ సంబంధం లేదు. కళ్లలో నీళ్లు కారుతున్నాయి కాబట్టి నీటికాసులేమో అని టెన్షన్ పడేవాళ్లు, కారడం లేదు కాబట్టి లేదులే అని నిశ్చింతగా ఉండేవాళ్లు ఇద్దరూ ఉన్నారు. రెండోవాళ్ల నిశ్చింతే ఎక్కువ ప్రమాదం.

దెబ్బ తగిలేది మాత్రం ముందు భాగంలో కాదు, కంటి వెనక గోడ దగ్గర. రెటీనా అంతటి నుంచీ బయల్దేరిన పది పన్నెండు లక్షల నరపు పోగులు అక్కడ ఒకచోట చేరి, వంపు తిరిగి, మెదడు వైపు వెళ్లిపోతాయి. అవి బయటికి దాటే గుండ్రటి చోటు వెడల్పు ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల మధ్యే. దాటేటప్పుడు జల్లెడ పొర అనే చిల్లుల పొర గుండా వెళ్లాలి. ఆ పొర దాటాకే పోగులకు మైలిన్ అనే కొవ్వు తొడుగు వస్తుంది. అంతవరకూ అవి తొడుగు లేకుండానే ఉంటాయి, అందువల్ల సంకేతం పంపడానికి ఎక్కువ శక్తి ఖర్చవుతుంది, ఎక్కువ ఆక్సిజన్ కావాలి. ఎక్కువ రక్తం కావలసిన చోటే కంటి ప్రెషర్ కూడా నేరుగా వచ్చి మోపుతుందన్నమాట. గ్లకోమా గురించి తెలుసుకోవలసిన విషయాల్లో చాలా భాగం ఈ ఇరుకు చోటు దగ్గరే ఉంది.

ఈ జబ్బును ఎలా అర్థం చేసుకోవాలన్న వాదం కొత్తదేం కాదు. కంటి లోపలి భాగాన్ని చూడగలిగే ఆఫ్తాల్మోస్కోప్‌ను జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ 1851లో ప్రపంచానికి అందించాక వైద్యులు తొలిసారి బతికున్న మనిషి కంటినరాన్ని చూశారు. 1858లోనే రెండు వాదాలు పుట్టాయి. ప్రెషర్ నేరుగా నరాన్ని నలిపి చంపుతోందని హైన్రిష్ ముల్లర్ అన్నాడు. నరానికి రక్తం అందించే నాళాల్లోనే లోపముందని ఎడువార్డ్ ఫాన్ యేగర్ అన్నాడు. నూట అరవై ఏళ్లు దాటినా ఏ ఒక్కరూ పూర్తిగా గెలవలేదు. రెండూ ఒకే చోట కలిసి పనిచేస్తున్నాయని ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకుంటారు. ఎవరిలో ఏది ఎక్కువ అన్నదే తేడా.

ఆయకట్టు చివర ఉన్న నరం

మెడలోని కెరోటిడ్ ధమని నుంచి కంటికి ఒక పాయ వస్తుంది. అది మళ్లీ చీలుతుంది. ఒక సన్నటి కొమ్మ నరం మధ్యగా దూరి రెటీనా లోపలి పొరలకు రక్తం ఇస్తుంది. మిగతావి కంటి వెనక గోడను పొడుచుకుని లోపలికి వెళతాయి, వాటిని పోస్టీరియర్ సీలియరీ ధమనులు అంటారు. కంటికి వచ్చే రక్తంలో సుమారు 85 శాతం ఇవే తీసుకెళ్లి రెటీనా వెనకున్న కోరాయిడ్ పొరకు పోస్తాయి. కంటినరం తలభాగానికి కావలసిన రక్తంలో ఎక్కువ భాగం కూడా ఇవే ఇస్తాయి. ఈ సంగతిని బల్లగుద్ది చెప్పినవాడు సోహన్ సింగ్ హైరే. పంజాబ్‌లో పుట్టి, అక్కడే పరిశోధన మొదలుపెట్టి, తర్వాత అమెరికాలో అయోవా విశ్వవిద్యాలయంలో దశాబ్దాల పాటు ఈ నాళాలనే పట్టుకుని పనిచేశాడు. 2022లో చనిపోయేదాకా ఆయన ధ్యాసంతా కంటినరం రక్తప్రసరణ మీదే.

హైరే చూపించిన ముఖ్యమైన విషయం ఏమిటంటే, ఈ ధమనులు ఒక్కొక్కటీ ఒక్కో ప్రాంతానికి రక్తం ఇస్తాయి, పక్కదాని ప్రాంతంలోకి పెద్దగా వెళ్లవు. రెండింటి హద్దుల మధ్య ఒక సన్నటి పట్టీ మిగులుతుంది. మన కృష్ణా, పెన్నా ఆయకట్టుల్లో చివరి భూముల రైతులకు ఈ పరిస్థితి వేరే చెప్పనక్కర్లేదు. కాలువ నిండుగా పారినన్నాళ్లూ తల దగ్గరి పొలానికీ చివరి పొలానికీ తేడా తెలియదు. నీటిమట్టం ఒక అడుగు తగ్గిందంటే ముందు బీటలు వారేది రెండు కాలువల చివర్లకు మధ్య పడ్డ పొలమే. చాలామందిలో ఈ హద్దు పట్టీ సరిగ్గా కంటినరం మీదుగానే పోతుంది, కొందరిలో పక్కగా పోతుంది. ఒకే ప్రెషర్ ఉన్నా ఒకరి నరం నిలబడి మరొకరిది దెబ్బతినడానికి ఇది ఒక కారణం కావచ్చు.

ఇక తోసే బలం సంగతి. రక్తం కంటి లోపలికి వెళ్లాలంటే కంటి ప్రెషర్‌ను గెలిచి వెళ్లాలి. కాబట్టి కంటికి దక్కే బలం బీపీలోంచి కంటి ప్రెషర్‌ను తీసేస్తే మిగిలేది. వైద్యులు దీన్ని పర్ఫ్యూజన్ ప్రెషర్ అంటారు. లెక్క కట్టే పద్ధతి కష్టమేమీ కాదు. బీపీ 120/80 ఉన్న మనిషికి సగటు బీపీ సుమారు 93. కూర్చున్నప్పుడు కన్ను గుండెకంటే పైన ఉంటుంది కాబట్టి అందులో మూడింట రెండు వంతులే, అంటే 62 దాకా కంటిని చేరుతుందని లెక్క. కంటి ప్రెషర్ 16 అనుకుంటే మిగిలేది 46.

ఇప్పుడు ఇంకొకరిని తీసుకుందాం. బీపీ బిళ్లలు వాడుతున్నారు, కొలిస్తే 100/60 వచ్చింది. చక్కగా కంట్రోల్లో ఉందని ఫిజీషియన్ అంటారు. కంటి ప్రెషర్ 20 వచ్చింది. నార్మలే అని కంటి క్లినిక్‌లో అంటారు. సగటు బీపీ 73, అందులో మూడింట రెండు వంతులు 49, అందులోంచి 20 తీసేస్తే మిగిలేది 29. రెండు రిపోర్టులూ బాగున్నాయి. కంటినరానికి రక్తాన్ని తోసే బలం మాత్రం మొదటి మనిషితో పోలిస్తే మూడో వంతుకు పైగా పడిపోయింది. ఈ తీసివేత ఏ ఒక్క రిపోర్టులోనూ కనిపించదు, రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకున్నవాళ్లకే కనిపిస్తుంది.

ఇది ఊహ మాత్రమే కాదు. అమెరికాలోని బాల్టిమోర్‌లో జరిగిన కంటి సర్వే ఫలితాలు 1995లో వచ్చాయి. బీపీలో కింది నంబరు లోంచి కంటి ప్రెషర్‌ను తీసేసినప్పుడు బాగా తక్కువ వచ్చినవాళ్లలో గ్లకోమా ఆరు రెట్లు ఎక్కువగా కనిపించింది. బార్బడోస్ దీవిలో, ఇటలీలోని ఎగ్నా-నాయ్‌మార్క్ట్‌లో చేసిన అధ్యయనాలు కూడా ఇదే దారి చూపించాయి. జపాన్‌లో తజిమి నగరంలో చేసిన సర్వే అయితే ఓపెన్ యాంగిల్ గ్లకోమా ఉన్నవాళ్లలో 92 శాతం మందికి కంటి ప్రెషర్ 21 దాటలేదని 2004లో తేల్చింది. ఆసియా దేశాల్లో ప్రెషర్ నంబరు ఒక్కదాన్నే నమ్ముకోవడం ఎంత తప్పో చెప్పడానికి ఈ ఒక్క అంకె చాలు.

అయితే ఆరోగ్యంగా ఉన్న కన్ను ఈ హెచ్చుతగ్గులను ఊరికే చూస్తూ కూర్చోదు. తోసే బలం తగ్గితే చిన్న నాళాలు వెడల్పవుతాయి, పెరిగితే ముడుచుకుంటాయి. గుండె వేగం మారినా, మెట్లెక్కినా, కోపం వచ్చినా రక్తం దాదాపు ఒకే తీరుగా అందేది అందుకే. నాళాల లోపలి గోడ తయారుచేసే నైట్రిక్ ఆక్సైడ్ వాటిని విప్పుతుంది, ఎండోథెలిన్ ముడుస్తుంది. కొందరిలో ఈ సర్దుబాటే సరిగా జరగదు. స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌కు చెందిన యోసెఫ్ ఫ్లామర్ దీని మీద చాలా పరిశోధన చేశాడు. చలి ఎక్కువైనా టెన్షన్ పడినా వేళ్లు చల్లబడి తెల్లబారేవాళ్లు, బీపీ మొదటినుంచీ తక్కువగా ఉండేవాళ్లు, మైగ్రేన్ ఉన్నవాళ్లు నార్మల్ ప్రెషర్ గ్లకోమాలో ఎక్కువగా కనిపించడానికి ఇదే మూలమని ఆయన వాదన. రక్తం స్థిరంగా కొంచెం తగ్గడం కన్నా, తగ్గుతూ పెరుగుతూ ఉండటమే నరాన్ని ఎక్కువ పాడుచేస్తుందని కూడా ఆయన అంటాడు.

అసలు రక్తం తగ్గడమే గ్లకోమాకు కారణమని తేల్చేయవచ్చా? తేల్చేయలేం. దానికి బలమైన అడ్డంకి ఒకటి ఉంది. కంటినరానికి రక్తం ఉన్నట్టుండి ఆగిపోయే జబ్బు వేరే ఉంది, కంటినరానికి వచ్చే స్ట్రోక్ అది. మామూలుగా కనిపించే రకంలో నరం పాలిపోతుంది, చూపు పోతుంది, కానీ గ్లకోమాలో కనిపించే లోతైన గుంట పడదు. అంటే ఉత్త రక్తలేమి వల్ల గ్లకోమా బొమ్మ రావడం లేదు. జల్లెడ పొర వెనక్కి వంగడం, పోగులు నలగడం అనే ప్రెషర్ పని కూడా కావాలి. ఇంకో చిక్కు కూడా ఉంది. ఇప్పుడు ఓసీటీ యాంజియోగ్రఫీ అనే స్కాన్‌తో, చేతికి ఇంజెక్షన్ కూడా ఇవ్వకుండా, నరం చుట్టూ ఉన్న కేశనాళికలను లెక్కపెట్టగలుగుతున్నారు. గ్లకోమా ఉన్నవాళ్లలో అవి పలచబడి ఉంటాయి. కానీ రక్తం తగ్గి పోగులు చచ్చాయా, పోగులు చచ్చి అవసరం తగ్గడంతో నాళాలు మూసుకుపోయాయా అన్నది ఒక్క స్కాన్ చెప్పలేదు. ఈ విషయంలో తొందరపడి తీర్పులు ఇచ్చేవాళ్లను నమ్మకపోవడమే మంచిది.

రక్తనాళాల పాత్రకు కంటికి కనిపించే సాక్ష్యం ఒకటి మాత్రం ఉంది. గ్లకోమా ముదురుతున్న కంట్లో కొన్నిసార్లు నరం అంచున సన్నటి ఎర్రటి గీత కనిపిస్తుంది. నిప్పురవ్వంత రక్తస్రావం అది. నొప్పి ఉండదు, చూపులో తేడా తెలియదు, కొన్ని వారాల్లో మాయమైపోతుంది. కెనడా వైద్యుడు స్టీఫెన్ డ్రాన్స్ దాని ప్రాధాన్యాన్ని గట్టిగా చెప్పాడు కాబట్టి ఆయన పేరుతోనే పిలుస్తారు. ఆ గీత కనిపించిన చోట తర్వాత కాలంలో పోగులు పలచబడటం, చూపులో ఖాళీ పడటం తరచుగా జరుగుతుంది. నార్మల్ ప్రెషర్ గ్లకోమాలో ఇది మరీ ఎక్కువ. చుక్కలు వేసి, పాప విప్పించి, నరాన్ని ఓపిగ్గా చూసే డాక్టరుకే ఆ గీత దొరుకుతుంది.

రాత్రిపూట జరిగేది

క్లినిక్‌లో కొలతలన్నీ పగలు, కూర్చోబెట్టి తీస్తారు. మనిషి మూడో వంతు జీవితం పడుకుని గడుపుతాడు. పడుకోగానే కంటి ప్రెషర్ మూడు, నాలుగు పాయింట్లు పెరుగుతుంది. గుండె, కన్ను ఒకే ఎత్తుకు వస్తాయి కాబట్టి రక్తం చేరడం సులువవుతుంది, అది కొంత మేలు. కానీ నిద్రలో బీపీ కూడా పడిపోతుంది. పది నుంచి ఇరవై శాతం తగ్గడం మామూలే, ఒంటికి మంచిదే. కొందరిలో ఇరవై శాతానికి మించి పడిపోతుంది. గ్లకోమా ఉన్నవాళ్లలో ఇలా మరీ కిందికి పడేవాళ్లకు చూపు నష్టం వేగంగా ముదురుతోందని ఎన్నో అధ్యయనాల్లో కనిపించింది. కంటినరం జబ్బులున్నవాళ్లు రాత్రి పడుకునే ముందు బీపీ మందు వేసుకుంటే తెల్లవారుజామున నరానికి రక్తం బాగా తగ్గిపోవచ్చని హైరే 1994లోనే హెచ్చరించాడు.

చెన్నైకి వచ్చే తెలుగు పేషెంట్ల సంగతి ఇక్కడే ఆలోచించాలి. నెల్లూరులో ఒక పెద్దాయన ఉన్నారనుకుందాం. బీపీ, షుగర్ మందులు ఊళ్లో డాక్టరుగారు రాశారు. ఆ డాక్టరుకు ఈయన కంటి జబ్బు గురించి తెలియదు, ఎవరూ చెప్పలేదు. కంటికి చెన్నైలో చూపిస్తారు, పొద్దున రైలెక్కి వచ్చి సాయంత్రానికి తిరుగు రైలు. కంటి ఫైల్ వేరే ప్లాస్టిక్ కవర్లో ఉంటుంది, బీపీ చీటీలు ఇంట్లో దేవుడి గూట్లోనో బీరువాలోనో ఉంటాయి. కంటి డాక్టరు "వేరే మందులేమైనా వాడుతున్నారా?" అని అడిగితే "బీపీ బిళ్ల ఒకటి సార్" అంటారు. ఏ బిళ్ల, ఎంత డోసు, ఏ పూట అన్నది చెప్పలేరు. సగం అరవంలో, సగం తెలుగులో సాగే సంభాషణలో అది ఇంకా నలిగిపోతుంది. కంటి ప్రెషర్ బాగా తగ్గినా ఫీల్డ్ టెస్టులో (పక్క చూపును కొలిచే పరీక్షలో) నష్టం పెరుగుతూ పోయే కేసుల్లో, రాత్రి వేసుకునే ఆ ఒక్క బిళ్ల గురించి ఎవరూ అడగకపోవడం చాలా బాధాకరమైన విషయం.

దీనికి ఖరీదైన పరిష్కారమేమీ అక్కర్లేదు. 24 గంటలూ చేతికి పట్టీ కట్టి, రాత్రంతా మధ్యమధ్య బీపీ కొలిచే పరీక్ష చెన్నైలోనే కాదు, జిల్లా కేంద్రాల్లో కూడా దొరుకుతోంది. దాంట్లో బీపీ మరీ పడిపోతోందని తేలితే మందు పూట మార్చడమో, డోసు సర్దడమో ఫిజీషియన్ ఆలోచిస్తారు. రాత్రి బిళ్లను పొద్దుటికి మారిస్తే గుండెకు నష్టమేమో అన్న భయానికి మంచి జవాబు ఉంది. బ్రిటన్‌లో ఇరవై ఒక్క వేల మందికి పైగా పాల్గొన్న టైమ్ అనే ట్రయల్ ఫలితాలు 2022లో వచ్చాయి. బీపీ మందు పొద్దున వేసుకున్నా, రాత్రి వేసుకున్నా గుండెపోటు, స్ట్రోక్ విషయంలో తేడా కనిపించలేదు. అంటే కంటి కోసం పూట మార్చుకునే వీలు చాలామందికి ఉంది. సొంతంగా మాత్రం బీపీ మందు మానేయకూడదు, తగ్గించకూడదు. ఎక్కువ బీపీ కూడా ఏళ్లు గడిచేకొద్దీ చిన్న నాళాలను బిరుసెక్కించి సర్దుబాటు శక్తిని పోగొడుతుంది. స్ట్రోక్ వచ్చి పడిపోయిన మనిషికి కంటి లెక్కలు చెప్పి ప్రయోజనం లేదు.

గురకపెట్టి, మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేచే స్లీప్ ఆప్నియాకూ గ్లకోమాకూ సంబంధం ఉన్నట్టు కూడా అధ్యయనాల్లో కనిపించింది. దాని గురించి కంటి డాక్టరుకు చెప్పాలన్న ఆలోచన చాలామందికి రాదు.

చుక్కల మందు, శీర్షాసనం, రక్తం పెంచే బిళ్లలు

ఇంత చెప్పాక కూడా ఒక మాట స్పష్టంగా చెప్పాలి. గ్లకోమాను నెమ్మదింపజేస్తుందని గట్టిగా రుజువైన వైద్యం ఇప్పటికీ కంటి ప్రెషర్‌ను తగ్గించడమే. ప్రెషర్ నార్మల్‌గా ఉన్న గ్లకోమాలో కూడా ఇది నిజం. 1998లో వెలువడిన అంతర్జాతీయ ట్రయల్‌లో అలాంటివాళ్లకు ప్రెషర్‌ను 30 శాతం తగ్గిస్తే, ముదిరినవాళ్లు 12 శాతం మాత్రమే. ఏమీ చేయకుండా వదిలేసినవాళ్లలో అది 35 శాతం. స్వీడన్‌లో జరిగిన ఇంకో ట్రయల్, తగ్గించిన ఒక్కో పాయింటుకూ ముదిరే ముప్పు పది శాతం చొప్పున తగ్గిందని 2003లో చూపించింది. తీసివేత లెక్క గుర్తుంటే ఇందులో వింతేమీ లేదు. కంటి ప్రెషర్ తగ్గిందంటే నలుపుడూ తగ్గింది, రక్తానికి అడ్డూ తగ్గింది. బీపీని పెంచి ఆ తేడా తెచ్చుకోవాలని చూడటం ప్రమాదం కాబట్టి ఈ వైపు నుంచే పని చేయాలి.

ప్రెషర్ తగ్గించే ఆపరేషన్ల చరిత్రలో చెన్నైకి చోటుంది. ఎగ్మూరులోని ప్రభుత్వ కంటి ఆసుపత్రి 1819లో మొదలైంది, ప్రపంచంలోని అతి పాత కంటి ఆసుపత్రుల్లో ఒకటి. దానికి సూపరింటెండెంటుగా పనిచేసిన రాబర్ట్ హెన్రీ ఇలియట్, కంటి తెల్లగుడ్డు అంచున సన్నటి రంధ్రం చేసి లోపలి ద్రవానికి కొత్త దారి ఇచ్చే ట్రెఫైన్ ఆపరేషన్‌ను ఇక్కడే రూపొందించి 1909లో ప్రకటించాడు. దానికి ప్రపంచమంతటా పేరొచ్చింది. ఇప్పుడు చేసే ట్రబెక్యులెక్టమీ 1960ల చివర వచ్చింది, కానీ ద్రవానికి పక్కదారి ఇవ్వాలన్న ఆలోచన అదే.

చుక్కల మందుల్లో కూడా రక్తప్రసరణ కోణం ఉంది. టిమొలాల్ చుక్కలు చవక, మంచి మందు. కంట్లో వేసింది కన్నీటి దారిన ముక్కులోకి దిగి రక్తంలో కలుస్తుంది, అందుకే ఆస్తమా ఉన్నవాళ్లకు, గుండె వేగం తక్కువ ఉన్నవాళ్లకు ఇవ్వరు. రాత్రిపూట అది కంటి ప్రెషర్‌ను పెద్దగా తగ్గించదు, బీపీని మాత్రం కొందరిలో ఇంకాస్త దించవచ్చు. నార్మల్ ప్రెషర్ గ్లకోమా మీద 2011లో వచ్చిన ఒక ట్రయల్‌లో బ్రైమొనిడిన్ అనే వేరే చుక్కల మందు, టిమొలాల్ రెండూ ప్రెషర్‌ను ఒకే మాదిరి తగ్గించాయి, కానీ చూపు నష్టం ముదిరినవాళ్లు బ్రైమొనిడిన్ వాడినవాళ్లలో 9 శాతం, టిమొలాల్ వాడినవాళ్లలో 39 శాతం. అలర్జీతో బ్రైమొనిడిన్ మధ్యలో మానేసినవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి ఆ అంకెలను జాగ్రత్తగా చదవాలి. అయినా ప్రెషర్ ఒకేలా తగ్గినప్పుడు ఫలితం ఇంత వేరుగా ఎందుకొచ్చిందన్న ప్రశ్న మిగిలే ఉంది. ఏ చుక్కలైనా వేశాక కళ్లు మూసుకుని, ముక్కు పక్కన కంటి లోమూలను వేలితో రెండు నిమిషాలు నొక్కి పెడితే మందు ఒంట్లోకి దిగడం బాగా తగ్గుతుంది. ఈ చిన్న పని చాలామందికి ఎవరూ చేసి చూపించరు.

యోగా చేసేవాళ్లు తెలుసుకోవలసిన చెన్నై ఫలితం ఒకటుంది. శంకర నేత్రాలయ వైద్యులే యోగా సాధకులను శీర్షాసనంలో ఉంచి కంటి ప్రెషర్ కొలిచి 2006లో ప్రచురించారు. ఆసనంలో ఉన్నంతసేపు ప్రెషర్ దాదాపు రెండింతలైంది. ఆరోగ్యమైన కళ్లు తట్టుకుంటాయి, దిగగానే తగ్గిపోతుంది. ఇప్పటికే నరం దెబ్బతిన్నవాళ్లు మాత్రం తలకిందుల ఆసనాలు వదిలేయడం మంచిది. నడక, ప్రాణాయామం, మిగతా ఆసనాలకు అడ్డేమీ లేదు.

"రక్తప్రసరణ పెంచి నరాన్ని బతికిస్తుంది" అంటూ అమ్మే బిళ్లల మీద ఆశ పెట్టుకోవడం సహజం. జింకో బిలోబా మీద, సిటికోలిన్ మీద చిన్న చిన్న అధ్యయనాలు కొంత ఆశ చూపాయి. విటమిన్ బీ3 రూపమైన నికోటినమైడ్ మీద ట్రయల్స్ సాగుతున్నాయి. ఎంతో ఆశ పెట్టుకున్న మెమాంటిన్ పెద్ద ట్రయల్స్‌లో పనిచేయలేదని 2018లో తేలింది. చుక్కల మందు మానేసి వీటికి డబ్బు పెట్టేవాళ్లను చూస్తే భయం వేస్తుంది. ఆస్పిరిన్ వాడేవాళ్లు జింకో కలిపితే రక్తస్రావం ముప్పు కూడా ఉంది.

షుగర్ ఉన్నవాళ్లలో రక్తప్రసరణకూ గ్లకోమాకూ ఉన్న సంబంధం ఇంకో దారిలో, ఇంతకంటే కఠినంగా బయటపడుతుంది. షుగర్ వల్ల రెటీనా నాళాలు మూసుకుపోతే ఆక్సిజన్ అందని రెటీనా కొత్త నాళాలను పిలిచే రసాయనాన్ని వదులుతుంది. ఆ కొత్త నాళాలు కనుపాప మీదికి, ద్రవం బయటికి పోయే మూలలోకి పాకి దారినే మూసేస్తాయి. అప్పుడు ప్రెషర్ 40, 50 దాటుతుంది, విపరీతమైన నొప్పి వస్తుంది, కొన్నాళ్లలోనే చూపు పోవచ్చు. రెటీనా సిర మూసుకుపోయినవాళ్లకు కూడా ఇదే ముప్పు, మొదటి మూడు నాలుగు నెలల్లో ఎక్కువ. లేజరుతో, కంట్లో వేసే ఇంజెక్షన్లతో దీన్ని ముందే ఆపవచ్చు, కానీ చూపు బాగానే ఉంది కదా అని రెటీనా చెకప్ వాయిదా వేసేవాళ్లే ఎక్కువగా దీని బారిన పడతారు.

ఓపెన్ యాంగిల్ గ్లకోమాలో నొప్పి అనే ఆ హెచ్చరిక కూడా ఉండదు. ఫీల్డ్ టెస్టులో మసక వెలుతురు గదిలో, తెల్లటి అర్ధగోళం ముందు గడ్డం ఆనించి, మధ్య చుక్కనే చూస్తూ, పక్కల ఎక్కడ వెలుగు మెరిసినా బటన్ నొక్కాలి. ఐదు, పది నిమిషాల పని. చాలామంది అన్నీ కనిపించాయనే నమ్మకంతో బయటికి వస్తారు. కాగితం మీద నల్లటి మచ్చ చూసి నమ్మరు. ఖాళీ పడిన చోట నలుపు కనిపించదు, మెదడు చుట్టుపక్కల దృశ్యంతో దాన్ని పూడ్చేస్తుంది, రెండో కన్ను మిగతాది కప్పేస్తుంది. మెట్లు దిగేటప్పుడు ఆఖరి మెట్టు తప్పడం, పక్కనుంచి వచ్చిన ఆటో ఒక్కసారిగా ఎదుట ప్రత్యక్షమవడం మొదలయ్యేసరికి పోవలసింది చాలా పోయి ఉంటుంది. పోయిన పోగులు తిరిగి రావు.

కాబట్టి తల్లిదండ్రుల్లోనో, తోబుట్టువుల్లోనో ఒకరికి ఈ జబ్బు ఉంటే మిగతావాళ్లు నలభై రాకముందే ఒకసారి పూర్తి పరీక్ష చేయించుకోవాలి. పూర్తి పరీక్ష అంటే ప్రెషర్ నంబరు ఒక్కటే కాదు. కార్నియా మందం కొలవాలి, ఎందుకంటే అది పలచగా ఉంటే నిజమైన ప్రెషర్ నంబరుకంటే ఎక్కువ ఉండవచ్చు. కంటి మూలను అద్దం పెట్టి చూసే గోనియోస్కోపీ చేయాలి, మూల ఇరుగ్గా ఉంటే వైద్యం వేరే కాబట్టి. తర్వాత చుక్కలు వేసి నరాన్ని చూడాలి, ఓసీటీ స్కాన్, ఫీల్డ్ టెస్టు అవసరాన్ని బట్టి. చుక్కలు వేశాక నాలుగైదు గంటలు దగ్గరి చూపు మసకగా ఉంటుంది, ఎండ భరించలేరు, కాబట్టి ఆ రోజు బండి నడపకుండా ఒకరిని తోడు తీసుకెళ్లాలి. బీపీ, షుగర్ మందుల చీటీలన్నీ వెంట ఉండాలి, ఏ బిళ్ల ఏ పూట వేసుకుంటున్నదీ వాటి మీద రాసి ఉంచితే డాక్టరు అడిగేలోపే చూపించవచ్చు.